నమూనాకు సరిపోని రోగి

దీర్ఘకాలిక వ్యాధుల మీద జరిగే పరిశోధనకు నేడు ఉన్న ప్రధానమైన ఆటంకం రోగి. ఈ మాట అనే అర్హత నాకుంది, ఎందుకంటే పద్దెనిమిదేళ్లుగా ఆ ఆటంకం నేనే. మధుమేహం, దాని చెయ్యి పట్టుకుని వచ్చిన కొవ్వు కాలేయం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సొంతంగా వచ్చిన నడుము నొప్పి, ఈ మూడింటినీ ఒంటి చేతి మీద పోషిస్తున్నాను. ఇన్నేళ్లలో శాస్త్రానికి నేను చేసిన సేవ ఏమిటని లెక్క చూసుకుంటే తల ఎత్తుకోలేను. మాత్ర ఒక పూట వేసుకుని ఒక పూట మరిచాను. రోజూ నడుస్తున్నానని డాక్టరు గారికి కూర్చునే చెప్పాను. ఎలా ఉందని అడిగితే అడిగినవారి ముఖం చూసి జవాబు మార్చాను. ఇలాంటి మనిషిని నమ్ముకుంటే ఏ శాస్త్రం నిలబడుతుంది?

అందుకే శాస్త్రజ్ఞులు నన్ను నమ్మడం మానేసి నాకు ఇద్దరు ప్రతినిధులను పెట్టుకున్నారు. ఒకటి బొమ్మ, అంటే స్కాన్. రెండోది పళ్లెం, అంటే ప్రయోగశాలలో నా బదులు జబ్బు పడే కణాలు. ఈ రెండూ పోగా మిగిలిన దానిని వాడుకలో రోగి అంటారు. బొమ్మ అబద్ధమాడదు, పళ్లెం మాత్ర మరిచిపోదు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఈ ఇద్దరూ ఒప్పుకున్నదానికి అడ్డం తిరిగేది నేనొక్కణ్ణే. నమూనాను, అంటే ఈ ప్రతినిధులను, మనిషికి దగ్గరగా తేవడానికి ఇంతమంది ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నారు. ఆ శ్రమ మానుకుని మనిషినే నమూనాకు సరిపడా దిద్దితే పని సులువవుతుందని నా విన్నపం.

ముందు నా కాలేయపు ప్రతినిధిని పరిచయం చేస్తాను. పేరు హెప్‌జీ2. 1970లలో ఒక పదిహేనేళ్ల కుర్రవాడి కాలేయంలోని కణితి నుంచి తీసిన కణాల సంతతి ఇది. పెద్దవాళ్లకు వచ్చే కాలేయ క్యాన్సర్ అని చాలాకాలం అనుకున్నారు. తీరా పాత కణితి ముక్కలను మళ్లీ పరీక్షిస్తే, అది ఎక్కువగా పిల్లల్లో కనిపించే వేరే రకం కణితి అని తేలింది. అయినా పదవికి ఢోకా రాలేదు. పచ్చి క్యాన్సరు కణమై ఉండి, ఎన్నో ప్రయోగశాలల్లో నడివయసు కాలేయాల తరఫున అదే మాట్లాడుతోంది. దాని మీద ఒలీయిక్ ఆమ్లం, పామిటిక్ ఆమ్లం అనే రెండు కొవ్వు ఆమ్లాలు పోస్తే మరునాటికల్లా లోపల కొవ్వు బొట్లు కడతాయి. ఎర్ర రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కో కణం కడుపులో నిగనిగలాడే ఎర్రటి పూసలు. ఇరవై నాలుగు గంటల్లో కొవ్వు కాలేయం సిద్ధం! అదే స్థితికి చేరడానికి నాకు సగం జీవితం పట్టింది. అదీ ఎంతో పట్టుదలగా కూర్చుంటేనే.

అసలు కాలేయ కణాలనే తెచ్చి పెంచవచ్చు కదా అని కొందరు అమాయకంగా అడుగుతారు. పెంచి చూశారు. మనిషి కాలేయం నుంచి తీసిన మామూలు కణాలు ఉత్త పళ్లెంలో కొద్ది రోజుల్లోనే తమ ఉద్యోగం మరిచిపోతాయి. మందులను విరగ్గొట్టే ఎంజైములు తగ్గిపోతాయి, ఆకారం మారిపోతుంది. వాటిని నిలబెట్టడానికి వేరే ఏర్పాట్లు కావాలి, ఖర్చు కావాలి, ఓపిక కావాలి. కణితి కణానికి ఆ బెడద లేదు. ఎక్కడ పోస్తే అక్కడ బతుకుతుంది, ఏ పని చెప్పినా చేస్తుంది, చెప్పకపోయినా రెట్టింపవుతుంది.

ఇక వాటి బస. ఒకసారి ఒక ప్రయోగశాలలో కాసేపు నిలబడి చూసే అదృష్టం కలిగింది. ఇంక్యుబేటర్‌లో ఏడాది పొడవునా 37 డిగ్రీలు. గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడు. తేమ తగ్గకుండా అడుగున నీళ్ల తట్ట. పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని, చదునైన ఒక సీసాను బయటికి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. గులాబీ రంగులో ఉండవలసిన ద్రవం పసుపుకు తిరిగింది. అందులో కలిపే ఫినాల్ రెడ్ అనే రంగు, కణాలు తిని వదిలిన ఆమ్లం పేరుకుంటే అలా మారుతుందట. "ఆకలేస్తోందా మీకు?" అందా అమ్మాయి, సీసాతో. పాత ద్రవం పీల్చేసి కొత్తది పోసింది. నేను పసుపు పచ్చబడితే రక్తపరీక్షలు రాస్తారు. అవి పసుపు పచ్చబడితే భోజనం మారుస్తారు.

ఆ భోజనంలో ఏముందో అడిగాను. ఉప్పులు, విటమిన్లు, పుట్టని దూడ రక్తం నుంచి తీసిన రసం, గ్లూకోజు. గ్లూకోజు ఎంత? విరివిగా వాడే రకంలో లీటరుకు 4.5 గ్రాములు. నాకు తెలిసిన ఒకే ఒక్క గణితం అదే కాబట్టి వెంటనే రక్తపరీక్షల భాషలోకి మార్చుకున్నాను. డెసిలీటరుకు 450 మిల్లీగ్రాములు! పరగడుపున 126కు చేరితేనే మధుమేహం అని నాకు ముద్ర వేశారు. తక్కువ చక్కెర ఉన్న ద్రవం కూడా దొరుకుతుంది, జాగ్రత్తపరులు అదే వాడతారు. కానీ నా కంటబడిన సీసా మాత్రం 450దే. దాని మీద చక్కని చేతిరాతతో 'కంట్రోల్' అని రాసి ఉంది, అంటే మిగతావాటిని పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న మామూలు కణాలు. నా షుగర్ కంట్రోల్‌లో లేదని డాక్టరు గారు పద్దెనిమిదేళ్లుగా చెబుతూనే ఉన్నారు. కంట్రోల్ ఎక్కడుందో ఆ రోజు చూశాను.

ఆక్సిజన్ సంగతీ అంతే. ఇంక్యుబేటర్‌లో దాదాపు బయటి గాలిలో ఉన్నంత ఉంటుంది. కాలేయం లోపలి కణాలకు దక్కేది అందులో సగానికి లోపే. అంటే నాలోని కణాలు ఊపిరాడక, చక్కెర తగ్గించుకుని, నా అలవాట్లను భరిస్తూ బతుకుతుంటే, వాటి ప్రతినిధి గాలీ తీపీ సమృద్ధిగా ఉన్న విడిదిలో కూర్చుని వాటి కష్టాల గురించి సాక్ష్యం చెబుతోంది.

దీర్ఘకాలికం అనే మాటకు కూడా పళ్లెంలో కొత్త అర్థం వచ్చింది. అక్కడ మూడు రోజులు గడిస్తే దీర్ఘకాలమే. మామూలు మనిషి కణాలు యాభై సార్లు అటూ ఇటూగా విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. కణితి సంతతులకు ఆ హద్దు లేదు. కాబట్టి ముసలితనంతో ముడిపడిన జబ్బులను ముసలితనమంటే ఏమిటో తెలియని కణాల్లో చదువుతున్నాం. ఇది బాగాలేదని 2006లో జపాన్ శాస్త్రజ్ఞుడు యమనాక నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాన్ని మూలకణంగా, అంటే ఏ రకం కణంగానైనా మారగల కణంగా, మార్చారు, మరుసటి ఏడాది మనిషి కణాన్నీ మార్చారు, 2012లో నోబెల్ అందుకున్నారు. ఇప్పుడు ఎనభై ఏళ్ల రోగి చర్మం నుంచి అదే రోగి మెదడు కణాలను తయారు చేయవచ్చు. అద్భుతమే. చిన్న చిక్కల్లా, ఆ మార్పులో వయసు గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. పుట్టుకొచ్చే నాడీకణం ఎనభై ఏళ్లది కాదు, ఇంకా కడుపులో ఉన్న బిడ్డదిలా ఉంటుంది. దానికి మతిమరుపు జబ్బు రప్పించాలి. మరవడానికి ముందు దానికి ఏదైనా గుర్తుండాలి కదా అని నేను అడగలేదు, అడిగితే బయటికి పంపిస్తారని.

ప్రతినిధులు తమ పేరు తామే సరిగా చెప్పుకోలేని సందర్భాలూ ఉన్నాయి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స చేస్తూ, ఆమెను అడగకుండానే కొంత కణితి ముక్క తీసి పెంచారు. ఆమె ఆ అక్టోబరులో 31 ఏళ్లకే పోయింది. కణాలు పోలేదు. హీలా అనే పేరుతో ప్రపంచమంతా తిరిగాయి. ఆమె పేరును మాత్రం చాలాకాలం హెలెన్ లేన్ అని తప్పుగా చెప్పుకున్నారు. కుటుంబానికి సంగతి తెలిసింది 1970లలో. 1966లో గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు, వేర్వేరు అవయవాలవని సీసాల మీద రాసి పెంచుతున్న ఎన్నో సంతతులు నిజానికి హీలా కణాలేనని చెప్పి సభలో చల్లటి నీళ్లు చల్లాడు. రొమ్ము క్యాన్సర్ అని ఏళ్ల తరబడి వాడిన మరో సంతతి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌దని తరువాత తేలింది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవారు ఆ తరువాతా ఉన్నారు. నా విషయానికి వస్తే, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మూడు కిటికీల దగ్గర మూడుసార్లు చెప్పనిదే నా రక్తం చుక్క కూడా తీసుకోరు.

ఇక బొమ్మ దగ్గరికి వద్దాం. 1895 డిసెంబరు 22న, ఎక్స్-రేలను కనుగొన్న రాంట్‌జెన్ తన భార్య చేతి ఎముకలను, ఉంగరంతో సహా బొమ్మ తీశాడు. అది చూసి ఆమె 'నా చావును చూశాను' అందని చెబుతారు. అప్పటి నుంచి సాంకేతికత ఎంతో పెరిగింది గానీ, బొమ్మ చూసిన రోగి ఏమన్నాడో రాసుకోవడానికి నివేదికలో గడి ఇంకా ఏర్పడలేదు.

నా కాలేయపు కొవ్వు కొలవడానికి ఎమ్మారై గొట్టంలోకి పంపారు. కొవ్వులోని హైడ్రోజన్, నీటిలోని హైడ్రోజన్ కాస్త తేడా గల స్వరాల్లో పలుకుతాయట. రెండింటినీ విడదీసి కొవ్వు ఎన్ని పాళ్లో చెబుతారు. 5 శాతం దాటితే కొవ్వు కాలేయం. సూదితో పొడిచి ముక్క తీయనక్కరలేకుండా కొలవడం నిజంగా గొప్ప సంగతి, ఆ మాట వ్యంగ్యం లేకుండానే అంటున్నాను. పొట్ట మీద బరువైన పలక కట్టారు. చెవుల్లో సమ్మెటల మోత. మధ్యలో ఒక గొంతు: "ఊపిరి పీల్చండి. వదలండి. ఆపండి." ఆపాను. పదిహేను సెకన్లు దాటాక నా ప్రమేయం లేకుండా ఊపిరి ఆడింది. "కదిలారండీ," అంది గొంతు, బాధగా. మళ్లీ మొదలు. నాలుగోసారి నివేదికలో ఒక వాక్యం చేరింది: 'శ్వాస కదలికల వల్ల బొమ్మ నాణ్యత తగ్గింది.' నేను బతికి ఉన్నానని ఆ నివేదికలో ఉన్న ఏకైక ఆధారం ఆ వాక్యమే. అది దోషాల కింద ఉంది.

నడుము బొమ్మ ఇంకా వివాదాస్పదం. డిస్కు ఎడమ పక్కకు ఉబ్బిందని బొమ్మ అంటుంది. నొప్పి నాకు కుడి పక్కన. డాక్టరు గారు బొమ్మను చూశారు, నన్ను చూశారు, మళ్లీ బొమ్మనే చూశారు. అప్పటి నుంచి నొప్పిని ఎడమకు మార్చుకోవడానికి నా వంతు ప్రయత్నం చేస్తున్నాను. నడుము నొప్పి ఎరగని 3,110 మంది బొమ్మలను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. అరిగిన డిస్కులు ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి ఉన్నాయట. వీళ్లందరికీ నొప్పి రావలసి ఉంది, రాలేదు. రోగుల బాధ్యతారాహిత్యానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? మెదడులో మతిమరుపు జబ్బుకు గుర్తుగా చూసే అమిలాయిడ్ ప్రోటీను నిండుగా వెలిగే బొమ్మలు పెట్టుకుని, మనవళ్ల పుట్టినరోజులు తప్పులేకుండా చెప్పే వృద్ధులు కూడా ఈ కోవకే చెందుతారు.

బొమ్మ చూసేవారి మీద నింద వేయడం నాకిష్టం లేదు. 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఊపిరితిత్తుల సీటీ బొమ్మల్లో చిన్న గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చి, చివరి బొమ్మల్లో ఒక గొరిల్లాను దూర్చారు. మామూలు గడ్డకు 48 రెట్లు పెద్దది. 20 మందికి కనబడలేదు, వారిలో సగానికి పైగా చూపు నేరుగా దాని మీద పడినా. తప్పు గొరిల్లాదే. ఏమి వెతకాలో రాసిచ్చిన చీటీలో దాని పేరు లేదు.

నా వాదానికి గండి కొట్టే సంగతి ఒకటుంది, దాచను. ఊపిరితిత్తులనూ పేగులనూ దెబ్బతీసే జన్యువ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్. ఆ రోగి పెద్దపేగు చివరి నుంచి చిటికెడు కణజాలం తీసి, దానితో ఆర్గనాయిడ్లు అనే బుల్లి పేగు బుడగలను నెదర్లాండ్స్ పరిశోధకులు పెంచారు. మందు ఆ రోగికి పనికొచ్చేదైతే ఆ బుడగలు కొన్ని గంటల్లో ఉబ్బుతాయి, లేకపోతే లేదు. అరుదైన జన్యులోపం వల్ల ఏ ప్రయోగంలోనూ చోటు దొరకని రోగులకు దీనితో దారి దొరికింది. పళ్లెం అక్కడ ఎవరి తరఫునో కాదు, ఆ ఒక్క మనిషి తరఫునే మాట్లాడింది. ఆ తరువాత వారు ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ఊపిరి మెరుగుపడిందో లేదో కూడా చూశారు. ఈ అలవాటు పాకితే నా విన్నపం బుట్టదాఖలవుతుంది.

పోయిన నెలలో నన్నూ అడిగారు. కాలేయం నుంచి సూదితో ముక్క తీసినప్పుడు మిగిలింది పరిశోధనకు ఇస్తారా అని. అడగడమే నాకు నచ్చింది. ఆరు పేజీల అంగీకార పత్రం చదివి సంతకం పెట్టాను. ఆ కణాలకు చక్కెర ఎంత ఇస్తారని అడిగితే పత్రం ఇచ్చిన అమ్మాయి కాసేపు ఆలోచించి, "తక్కువదే వాడతామండి," అంది. వాటిని ఎప్పుడెప్పుడు చూస్తారని అడిగాను. రెండు రోజులకొకసారి, ఆదివారమైనా ఎవరో ఒకరు వస్తారట. బయటికి వచ్చి నా చీటీ చూసుకున్నాను. నన్ను మళ్లీ మూడు నెలలకు రమ్మన్నారు.