స్టాండీ మీద క్యూఆర్

మా బామ్మర్ది కంప్యూటర్ గేములు తయారుచేస్తాడు. కర్నూలులో ఈ మాట చెబితే ముందు "ఆడతాడా?" అంటారు, తర్వాత "దాంట్లో ఏమొస్తుంది?" అంటారు. ఇప్పుడు చేస్తున్న గేము పేరు 'తొలకరి'. మొదటి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం నడుములు వంచి వజ్రాలు వెతుక్కుంటారు కదా, అదే కథ. ఆటగాడు టార్చిలైటు పట్టుకొని చీకట్లో రాళ్లు ఏరుతుండాలి, చేనుగలాయన వచ్చేలోపు గట్టు దాటాలి.

హైదరాబాద్‌లో గేము డెవలపర్ల కాన్ఫరెన్స్ ఉంది, స్టాల్ తీసుకుంటానన్నాడు. మా మామగారు లెక్క అడిగినారు. స్టీమ్ అని కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ అంగడి ఉంది, దాంట్లో గేము పెట్టడానికే 100 డాలర్లు కట్టాలి, 1000 డాలర్ల అమ్మకం దాటితేగాని అవి వెనక్కి రావు. అమ్మినదాంట్లో 30 శాతం వాళ్లే పట్టుకుంటారు. ఇంకా అమ్మకమే మొదలుకాని గేముకు ఈ పాసు, స్టాల్ అద్దె, లాడ్జి ఖర్చు పైన!

"అట్ల కాదు నాయనా, అమెరికాలో జీడీసీ అని పెద్ద కాన్ఫరెన్స్ ఉంది. 1988లో క్రిస్ క్రాఫోర్డ్ అనే ఆయన శాన్‌హోసే దగ్గర తన ఇంటి హాల్లోనే మొదలుపెట్టినాడు. అప్పుడు వచ్చింది ఓ 27 మంది. ఇప్పుడు ప్రపంచమంతా అక్కడికే పోతాది."

"అయితే మన హాల్లోనే పెట్టుకో. కాఫీ మీ అమ్మ ఇస్తాది."

చివరికి నన్ను తోడిచ్చి పంపడానికి ఒప్పుకున్నారు. అల్లుడు పక్కనుంటే పిల్లోడు డబ్బులు తగలెయ్యడని ఆయన నమ్మకం.

స్టాల్‌కు స్టాండీ, అంటే నిలబెట్టే బ్యానర్, కావాలి. మా వీధి చివర ఫ్లెక్సీ షాపుకు పోయినాం. కంప్యూటర్ ముందున్న పిల్లోడు డిజైను చూసి మొహం చిట్లించినాడు.

"అన్నా, అంతా నలుపు, మధ్యలో ఒకే మనిషి. జనం శ్రద్ధాంజలి అనుకుంటారు. పసుపు ఏద్దామా?"

"వద్దు తమ్ముడూ, గేములో రాత్రి."

"పైన ఖాళీ ఉండాది. మీ లీడర్ ఫోటో?"

"లీడర్ లేడు."

"పోనీ మీ నాయనది?"

ఈ వరస చూసి నేను కుర్చీ లాక్కొని అక్కడే కూర్చున్నా. అభిమానుల పేర్లు, 'ఇట్లు మీ' అన్నీ ఒక్కొక్కటే తీయించినాం. కింద క్యూఆర్ కోడ్ పెట్టాలి, స్కాన్ చేస్తే గేము పేజీ తెరుచుకోవాలి, చూసినోళ్లు విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొనాలనుకునే గేముల జాబితాలో, వేసుకోవాలి. ఆ బొమ్మ వాట్సాప్‌లో పంపి ఇంటికొచ్చినాం. తెల్లారుజామున బస్టాండుకే తెచ్చి, చుట్ట చుట్టిన స్టాండీ చేతిలో పెట్టినాడు. బస్సు కదులుతోంది. పుల్లూరు టోల్‌గేటు దాటేదాకా అది ఎదుటి సీటాయన వీపులో గుచ్చుకుంటూనే ఉంది.

హాల్లో బెంగళూరు, పుణె, కొచ్చి, అన్ని ఊళ్ల పిల్లలూ ఉన్నారు. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు కనబడరు. పక్క స్టాల్ అబ్బాయి గేము మావాడు విష్‌లిస్ట్ చేస్తాడు, వాడు వచ్చి మాది చేస్తానంటాడు. పెళ్లిళ్లలో చదివింపులే ఇవి: మీరు మాకెంత రాసినారో, మేం మీకంతే.

ఆ పక్క స్టాల్ అబ్బాయే ముందు స్కాన్ చేసినాడు. ఫోన్ చూసి, మమ్మల్ని చూసి, "ఓహో, చందాలా? మంచి ఐడియా!" అని ఏదో నొక్కి భుజం తట్టి పోయినాడు. మావాడికి అర్థం కాలేదు. మరో ఇద్దరు అట్లే నొక్కి పోయినారు. తర్వాత విదేశీ పబ్లిషర్ తాలూకు మనిషి ఒకాయన వచ్చినాడు. ఆయన ఫోన్‌లో యూపీఐ లేదు కాబట్టి తలాతోకా లేని అక్షరాల వరుస ఒకటి వచ్చింది. అదేదో పజిల్ అనుకున్నాడో ఏమో, మెచ్చుకోలుగా తలూపి, ఫోటో తీసుకొని వెళ్లిపోయినాడు.

అప్పుడు మోగింది నా ఫోన్. ఫ్లెక్సీ షాపు పిల్లోడు.

"అన్నా, పొద్దుట్నుంచి మా సౌండుబాక్సు 'పదకొండు రూపాయలు అందినాయి' అంటాంది. ఎవరెవరో హైదరాబాదోళ్లు. ఏ ఆర్డరో చెప్పడం ల్యా!"

"మా క్యూఆర్ ఏం చేసినావు తమ్ముడూ?"

"మీరు పంపింది మసగ్గా ఉండె అన్నా. అందుకే మా షాపుది క్లియర్‌గా ఉంటే ఏసినా. ఏదైనా డబ్బులకే కదా!"

మావాడు స్టాండీకి ఎదురుగా చాలాసేపు నిలబడిపోయినాడు. తర్వాత ఏ4 కాగితం మీద అసలు కోడ్ ప్రింటు తీయించి టేపుతో అంటించినాం. ఆ నల్లటి స్టాండీ మీద తెల్ల కాగితం, ఇల్లు అద్దెకివ్వబడును బోర్డుకు ఏమాత్రం తీసిపోలేదు.

నిజం చెప్పాలంటే ఆ పూట మాకు పనికొచ్చింది క్యూఆర్ కాదు. సాయంత్రం ఒకమ్మాయి డెమో ముందు కూర్చుంది. ఆట మొదలవగానే అంతా చీకటి, 'ఎఫ్' నొక్కితే టార్చి వెలుగుతుంది. ఆ సంగతి ఆమెకెట్లా తెలుస్తుంది? బాణం గుర్తులు నొక్కింది, స్పేస్ నొక్కింది, మౌస్ గిరగిరా తిప్పింది. మావాడి వేలు గాల్లోనే 'ఎఫ్' నొక్కుతోంది. చెప్పబోతుంటే చెయ్యి పట్టుకొని ఆపినా. ఆమె గట్టుకు తగిలి, చేనుగలాయనకు దొరికి, మర్యాదగా నవ్వి లేచిపోయింది.

కర్నూలులో ఈ గేము ఆడినోళ్లంతా చుట్టాలే. వీడు పక్కన కూర్చొని "అక్కా, ఎఫ్ నొక్కు" అంటుంటే నొక్కి, "బాగుందిరా" అని లేచినోళ్లే. కాన్ఫరెన్స్ ప్రసంగాలా, జీడీసీవి బోలెడు యూట్యూబ్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. స్టీమ్ వాళ్లు ఆన్‌లైన్‌లో జరిపే డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్‌లో డెమో పెట్టడానికి స్టాల్ అద్దె అక్కర్లేదు, కాకపోతే ఒక గేముకు ఒక్కసారే అవకాశం. టార్చి వెలగని డెమోతో దాంట్లోకి దిగుంటే మావాడి గతి ఏమయ్యేది? డబ్బులు పెట్టి కొనుక్కున్నాం గానీ, ఆ ముక్కూమొహం తెలియని అమ్మాయి నవ్వు నాకైతే గిట్టుబాటైంది. మామగారికి ఈ లెక్క చెప్పే ధైర్యం మాత్రం లేదు.

ఊరికొచ్చినాక ఫ్లెక్సీ బాకీ తీర్చడానికి పోయినాం. పిల్లోడు నిజాయితీపరుడు. నోటుపుస్తకంలో అన్నీ రాసిపెట్టినాడు: 11, 1, 50, 21. మొత్తం 83 రూపాయలు బాకీలో కొట్టేసినాడు. ఆ 50 ఎవరు వేసినారో ఇప్పటికీ తెలియదు.

"వచ్చే ఏడు కూడా పోతారా అన్నా?" అన్నాడు చిల్లర ఇస్తూ. "పోతే పదడుగులది కొడదాం. నా క్యూఆరే ఉంచండి, ప్రింటింగు ఖర్చు దాంట్లోనే ఎల్లిపోతాది."