సరిహద్దు పిల్లల ఎదుగుదల చిక్కులు: పరిశోధకులను ఇక్కడే తయారు చేయాలి

ఒడిశా-ఆంధ్ర సరిహద్దు పట్టీలో, బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక తెలుగింటి పిల్లాడికి మూడేళ్ళు వచ్చినా మాటలు రాలేదంటే, ఇంట్లో పెద్దవాళ్ళు మొదట అనేది "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే" అని. ఆ తర్వాత ఎవరో చదువుకున్నవాళ్ళు సలహా ఇస్తారు: "ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పిల్లాడు తికమక పడుతున్నాడు, ఏదో ఒకటి ఆపేయండి." మొదటి మాటతో విలువైన కాలం పోతుంది. రెండోదాంతో ఇంకా ఎక్కువ నష్టం. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల తేడా) రాదు, భాషా లోపమూ రాదు. ఇది ఎన్నో దేశాల్లో పరిశోధకులు తేల్చిన విషయం. తల్లి తనకు సరిగా రాని భాషలో మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఆ ఇంట్లో కబుర్లే తగ్గిపోతాయి. మాట రావాల్సిన బిడ్డకు ఆ కబుర్ల కంటే కావాల్సింది ఏముంది?

ఇలా చెప్పేవాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళ చేతిలో ఉన్న పరీక్ష ఒక్క భాషలోనే ఉంటుంది. పిల్లాడికి కొన్ని మాటలు అమ్మ దగ్గర తెలుగులో వచ్చు, ఇంకొన్ని అంగన్‌వాడీలో ఒడియాలో వచ్చు. ఒక్క భాషలోనే లెక్కపెడితే బాగా ఉన్న పిల్లాడు కూడా వెనకబడినట్టే కనిపిస్తాడు. "రెండు భాషలు కదా, అదే సర్దుకుంటుంది" అని వదిలేస్తే, నిజంగా సాయం కావాల్సిన బిడ్డ తప్పిపోతాడు. చదువు దగ్గరా ఇంతే. డిస్లెక్సియాను (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బందిని) గుర్తించడానికి మన దేశంలోనే తయారైన 'డాలి' పరీక్ష 2015లో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా అక్షరాలు దిద్దే పిల్లాడు తడబడితే, అది కొత్త భాష వల్లా, మెదడులో చదివే తీరు వల్లా? ఆ రెండు భాషలూ వచ్చి, పిల్లల ఎదుగుదల శాస్త్రం కూడా తెలిసిన మనిషే దీన్ని తేల్చగలరు. అలాంటి మనుషులను తయారు చేయడమే అసలు పని అని నా వాదన.

ఇది ఏ కొద్దిమంది పిల్లల గొడవో కాదు. 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో దేశంలోని ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను దాదాపు నాలుగు వేల మందిని పరీక్షించారు. 6 నుంచి 9 ఏళ్ళ వాళ్ళలో చోటును బట్టి 6.5 నుంచి 18.5 శాతం దాకా ఏదో ఒక నాడీ వికాస సమస్య, అంటే మెదడు, నరాల ఎదుగుదలకు సంబంధించిన ఇబ్బంది, కనిపించింది. వినికిడి, చూపు, ఫిట్స్, మాట, బుద్ధి వికాసం, ఆటిజం, ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, ధ్యాస కుదరకపోవడం), చదువులో ఇబ్బంది అన్నీ అందులో లెక్కే. సమస్య ఉన్న పిల్లల్లో దాదాపు ఐదో వంతు మందికి ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. అందుకే ఆటిజం ఒక్కటే చదివి వచ్చినవాళ్ళతో ఇక్కడ పని జరగదు. పుట్టగానే బిడ్డ ఏడవకపోవడం, బరువు తక్కువ, నెలలు నిండని కాన్పు, ఇంటి దగ్గర కాన్పు, పోషణ లేక గిడసబారడం లాంటివాటితో ఈ సమస్యలకు సంబంధం ఉందని ఆ అధ్యయనం చూపింది. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో పనిచేసిన ఏ ఏఎన్ఎంకైనా ఈ జాబితా కొత్తగా అనిపించదు. ఆ ఐదు చోట్లలో ఒకటి ఒడిశాలోని ఢెంకనాల్, మరొకటి హైదరాబాద్. ఆ రెండింటి నడుమ ఉన్న మన పట్టీ ఆ లెక్కలో లేదు.

ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2016 చివర్లో అక్కడ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జబ్బు కారణమన్నారు. కసివింద గింజల విషం కూడా ఉందని నిపుణుల సంఘం చెప్పింది. చనిపోయినవాళ్ళ సంఖ్య పత్రికల్లో వచ్చింది. మెదడువాపు నుంచి బయటపడిన పిల్లల కథ వేరు. ఫిట్స్, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం, మతిమరుపు, ప్రవర్తనలో మార్పు ఏళ్ళ తర్వాత కూడా బయటపడవచ్చు. అలాంటి పిల్లలను పదేళ్ళు వెంట ఉండి చూడాలంటే రాజధాని నుంచి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళే బృందం సరిపోదు. కోయ భాష తెలిసి, ఆ ఊళ్ళోనే ఉండే పరిశోధకుడు కావాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సంచార బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్ళాలి, అనుమానం ఉన్న పిల్లలను జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టి సాయం చేసే కేంద్రానికి) పంపాలి. ఏర్పాటు మంచిదే. పంపిన తర్వాత మాత్రం కుటుంబానికి పరుగులే. జయపురం, రాయగడ వాళ్ళు విశాఖ వెళ్తారు, మల్కన్‌గిరి వాళ్ళు భద్రాచలం దారి పడతారు. వారానికి రెండుసార్లు థెరపీ అంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది, టెన్షన్ సరేసరి. రెండు నెలలకు మానేస్తారు. ఆ తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనడం అన్యాయం.

వైద్యం ఇంటికే వెళ్ళగలదని రుజువైంది కూడా. గోవాలో, రావల్పిండిలో ఆటిజం పిల్లల ఇళ్ళకు నిపుణులు కాని కార్యకర్తలు వెళ్ళి, పిల్లాడి సైగను ఎలా గమనించాలో, ఎలా బదులివ్వాలో తల్లిదండ్రులకు నేర్పారు. తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. ఆ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వెనక ఉండి పని సరిచూసే నిపుణులు ఉండబట్టే అది సాగింది. మనకు కొరత వాళ్ళదే.

సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (బుద్ధి వికాస లోపం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థ), బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల, కోరాపుట్‌లోని వైద్య కళాశాల, బరంపురం, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు కలిసి ఒక పరిశోధక శిక్షణ పెట్టవచ్చు. రాష్ట్రాల గీత దానికి అడ్డు కాకూడదు, ఎందుకంటే జబ్బుపడ్డ బిడ్డను ఎత్తుకున్న తల్లి ఆ గీత ఎప్పుడో దాటేసింది. ఆ శిక్షణలో సగం కాలం పల్లెల్లో, అంగన్‌వాడీల్లో గడవాలి. పరిశోధన చేసేవాళ్ళే వారానికి కొన్ని గంటలు పిల్లలతో కూర్చుని థెరపీ చేయాలి. కొలతలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళకు ఇక్కడి తల్లులు రెండోసారి తలుపు తీయరు. గజపతి జిల్లాలో సెరంగో, గుమ్మ వైపు సవర, ఒడియా, తెలుగు మూడూ ధారాళంగా మాట్లాడే అమ్మాయిలు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నారు. మొదటి బ్యాచ్ సీట్లు వాళ్ళకు ఇవ్వాలి. నెల నెలా స్టైపెండ్ ఇవ్వాలి, చదువు అయ్యాక సొంత జిల్లా డీఈఐసీలోనే ఉద్యోగం రాసివ్వాలి.