పీకాల్సింది మూడో డిస్కేనా?

గుంటూరులో ఒక పెళ్లిళ్ల ఫొటో స్టూడియో. లినక్స్ సర్వర్‌లో నాలుగు 4 టీబీ డిస్కులు, రెయిడ్ 5. అంటే నాలుగూ కలిసి ఒకే అర్రే; పారిటీ అనే అదనపు లెక్క కూడా వాటిలోనే ఉంటుంది కాబట్టి ఒక డిస్క్ పోయినా దాని డేటాను మిగతావాటి నుంచి కట్టుకోవచ్చు. రాత్రి మూడోది అర్రేలోంచి బయటపడింది. సర్వర్ చూసుకునే ఇద్దరూ పొద్దున్నే వాదనలో పడ్డారు.

తమ్ముడు: కొత్త డిస్క్ తెచ్చానన్నా. మూడోది పీకి ఇది పెట్టేస్తే రీబిల్డ్ మొదలైపోతుంది, దాని డేటా కొత్తదానిలో మళ్లీ తయారవుతుంది.

అన్న: స్మార్ట్ రీడింగులు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు, చూశావా?

తమ్ముడు: 'ఫెయిల్డ్' అని అర్రేనే చెప్తుంటే చూసేదేముంది? ఈ స్థితిలో ఇంకొక్కటి పోతే 12 టీబీ గంగలో కలిసినట్టే. మనం మాట్లాడుకుంటున్న ప్రతి గంటా గండమే.

అన్న: గండమే, కాదన్ను. కానీ ఫెయిల్డ్ అంటే డిస్క్ చచ్చిందని కాదు, రాయమంటే రాయలేదని అర్రే పక్కన పెట్టిందంతే. మూడోదాని స్మార్ట్ లెక్కల్లో 5వ నంబరు సున్నా, 197 సున్నా. అంటే చెడిపోయి మార్చిన సెక్టార్లు (డిస్కులో డేటా ఉండే చిన్న గదులు) లేవు, చదవలేక ఆగిపోయినవీ లేవు. 199 మాత్రం 312. డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడితే పెరిగే లెక్క అది. ఆ సాటా కేబుల్ పట్టుకుని చూడు, క్లిప్ విరిగి ఊగుతోంది. ఇప్పుడు రెండోదాన్ని చూడు. 197 దగ్గర 8 ఉంది. పైకి బాగున్నట్టున్న దానిలోనే చదవలేని సెక్టార్లున్నాయి. రీబిల్డ్ అంటే మిగతా మూడింటినీ చివరిదాకా చదవాలి. ఆ 8 దగ్గరికొచ్చేసరికి ఆదుకోవడానికి పారిటీ మిగలదు. పైగా ఇవి డెస్క్‌టాప్ డిస్కులు, చదవలేని చోట నిమిషం దాటినా ప్రయత్నిస్తూనే ఉంటాయి. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది, ఆ తర్వాత డిస్క్ పలకట్లేదనుకుంటుంది. రెండోది కూడా బయటపడితే అప్పుడేం చేద్దాం? కోటి కోట్ల బిట్లకు ఒక తప్పు రావచ్చని తయారీదారే రాశాడు. రీబిల్డ్‌లో చదవాల్సిన 12 టీబీ అంటే దాదాపు అన్ని బిట్లే.

తమ్ముడు: ఆ లెక్క మాత్రం పట్టుకోకన్నా. అర్రే అంతా చదివి సరిచూసే చెక్ నెలనెలా నడిచినప్పుడు నాలుగు డిస్కులూ కలిపి 16 టీబీ చదివేది, ఒక్క తప్పూ రాలేదు. అది తయారీదారు చెప్పుకునే కనీస హామీ, జరిగి తీరుతుందని కాదు.

అన్న: నిజమే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి ఆ చెక్ ఆర్నెల్లుగా ఎందుకు నడవలేదు?

తమ్ముడు: ఎడిటింగ్ నెమ్మదిస్తోందని వాళ్లు గొడవ చేస్తే ఆపాను. నీకు చెప్పే ఆపాను.

అన్న: సీజన్ అయ్యాక మళ్లీ పెడతానన్నావు. నడిచుంటే ఆ 8 సెక్టార్లు అప్పుడే బయటపడేవి, పారిటీతో సరిచేసుకునేది.

తమ్ముడు: నువ్వూ అడగలేదుగా! సరే, రీబిల్డ్ కంటే ముందు డేటాను బయటి డిస్కులోకి కాపీ చేద్దామంటావు, అంతేగా. కాపీ చేసినా అవే డిస్కులు చదవాలి, అదే భారం.

అన్న: మొత్తం కాదు. ఇంకా ఆల్బం ఇవ్వని మూడు పెళ్లిళ్లు చాలు, 900 జీబీ. ఆ పెళ్లిళ్లు మళ్లీ తీయలేం కదా. తర్వాత సర్వర్ ఆపి, కేబుల్ మార్చి, మూడోదాన్నే రీయాడ్ చేద్దాం, అంటే తిరిగి అర్రేలో చేర్చేద్దాం. ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ ఉంది కాబట్టి రాత్రి నుంచి మారిన భాగాలే రాస్తుంది. పారిటీ తిరిగొచ్చాక నీ కొత్త డిస్క్‌తో రెండోదాన్ని రీప్లేస్ చేద్దాం. అప్పుడు ఆ 8 సెక్టార్లను మిగతావాటి నుంచి కట్టుకుంటుంది.

తమ్ముడు: రీయాడ్ అయ్యాక 199 మళ్లీ పెరిగితే?

అన్న: అప్పుడు బోర్డు పోర్ట్ మార్చి చూద్దాం.

తమ్ముడు: ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇలా ఇవ్వు. ఎల్లుండి ఇవ్వాల్సిన పెళ్లి ముందు కాపీ చేస్తా.