తలుపు కొట్టింది ఫ్రెంచ్ పోలీసులే

1942 జులై 16, తెల్లవారుజాము. జర్మనీ ఆక్రమించుకున్న పారిస్‌లో యూదుల ఇళ్ల తలుపులు కొట్టింది జర్మన్ సైనికులు కాదు, ఫ్రెంచ్ పోలీసులు. పేరు, అడ్రసు, వృత్తి, జాతీయత రాసి ఉన్న కార్డులు చూసుకుంటూ వచ్చారు. రెండు రోజుల్లో 13,152 మందిని పట్టుకెళ్లారు. అందులో 4,115 మంది పిల్లలు.

ఆ కార్డులు ఎలా తయారయ్యాయో తెలిస్తే మనసు కలుక్కుమంటుంది. యూదులంతా పేర్లు నమోదు చేయించుకోవాలని 1940 సెప్టెంబరులో జర్మన్లు ఉత్తర్వు ఇస్తే, పారిస్ ప్రాంతంలో దాదాపు లక్షా 50 వేల మంది తమ కాళ్ల మీద తామే వెళ్లి రాయించుకున్నారు. 1791లోనే యూదులకు సమాన పౌరసత్వం ఇచ్చిన దేశం అది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశం కోసం పోరాడినవాళ్లూ వారిలో ఉన్నారు. మన ప్రభుత్వం మనల్నేం చేస్తుందిలే అన్న నమ్మకం చాలామందిది. ఆ నమ్మకాన్నే పోలీసు శాఖ కార్డులుగా మార్చి, అక్షరక్రమంలో పేర్చి పెట్టుకుంది.

అంతా జర్మన్ల ఒత్తిడి వల్లే జరిగిందనే వాదనను నేను ఒప్పుకోను. యూదులను ప్రభుత్వ ఉద్యోగాలు, బడులు, పత్రికల నుంచి గెంటేసిన 1940 అక్టోబరు 3 నాటి చట్టం విషీ ప్రభుత్వం, అంటే జర్మనీ చేతిలో ఓడాక విషీ పట్టణం నుంచి నడిచిన ఫ్రెంచ్ ప్రభుత్వం, సొంతంగా చేసుకున్నదే. అల్జీరియా యూదులకు 1870లో ఇచ్చిన పౌరసత్వాన్ని నాలుగు రోజులకే రద్దు చేసిందీ ఆ ప్రభుత్వమే. జర్మన్లు ఇంకా అడగకముందే, పదహారేళ్లలోపు పిల్లల్నీ పెద్దవాళ్లతోపాటు శిబిరాలకు పంపుదామని ప్రతిపాదించింది ప్రభుత్వాధినేత పియెర్ లవాల్.

ఆ పిల్లల సంగతి రాయాలంటే చెయ్యి ఆడదు. మొదట వెలోద్రోమ్ దివేర్ అనే సైకిల్ స్టేడియంలో రోజుల తరబడి ఉంచారు. తాగడానికి నీళ్లు చాలవు, మరుగుదొడ్లు చాలవు. ఆ తర్వాత పితివియే, బోన్-లా-రోలాండ్ శిబిరాల్లో తల్లులను విడదీసి ముందే రైలెక్కించారు. తమ పేరు కూడా చెప్పలేని పసివాళ్లు అక్కడ మిగిలిపోయారు. చివరికి వాళ్లనూ పారిస్ పక్కనున్న ద్రాన్సీ శిబిరం మీదుగా నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కే పంపారు.

ఇంకో మాటా చెప్పాలి. ఆ రోజు పోలీసులు తీసిన కార్డులు 27 వేలకు పైనే. సగం మంది దొరకలేదంటే, ముందే రహస్యంగా కబురందించినవాళ్లు, ఇంట్లో దాచిపెట్టినవాళ్లు ఉండబట్టే. అలాంటి పోలీసులూ కొందరున్నారు. అంటే కాదనడానికి వీలుండేది.

ఫ్రాన్స్ నుంచి తరలించిన దాదాపు 76 వేల మందిలో తిరిగొచ్చినవాళ్లు సుమారు 2,500. తప్పు ఫ్రెంచ్ రాజ్యానిదేనని ఆ దేశాధ్యక్షుడి నోట వినడానికి 1995 దాకా, అంటే 53 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ మాట అన్నది జాక్ షిరాక్. అప్పటికి స్టేడియం కూల్చేసి చాలాకాలమైంది. మిగిలిన కార్డుల్లో కొన్ని ఇప్పుడు పారిస్‌లోని షోవా (నాజీలు చేసిన యూదుల ఊచకోత) స్మారకంలో ఉన్నాయి.