రెండో స్ట్రిప్ రాసే ముందు స్వాబ్ తీయండి

"నోటి పూత తగ్గలేదా? ఇంకో స్ట్రిప్ ఫ్లూకోనజోల్ వాడు." మెడికల్ షాపులో ఇదే మాట, ఆర్‌ఎంపీ దగ్గర ఇదే మాట, బోర్డు నిండా డిగ్రీలున్న కొందరు డాక్టర్ల దగ్గరా ఇదే మాట. పూతను దూదిపుల్లతో (స్వాబ్) తుడిచి తెస్తే ఏ ఫంగస్ ఉందో చూసే మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసేదాన్ని కాబట్టి నాకు ఇది వింటే ఒళ్లు మండుతుంది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల నోట్లో వచ్చే తెల్ల పూత గురించే చెబుతున్నాను. నాలుక మీద, బుగ్గల లోపల, అంగిట్లో తెల్లగా పేరుకుంటుంది. గీకితే ఊడి వచ్చి కింద ఎర్రగా కనిపిస్తుంది. క్యాండిడా అనే ఈస్ట్ చేసే పని ఇది. ఏ జబ్బూ లేని చాలామంది నోట్లో కూడా ఈ ఈస్ట్ ఊరికే పడి ఉంటుంది. రోగనిరోధక శక్తిని చూపే సీడీ ఫోర్ కణాల కౌంట్ 200 కిందికి జారాక దానికి అడ్డూ అదుపూ ఉండదు. గొంతు దాటి అన్నవాహికలోకి దిగితే మంచినీళ్లు మింగడానికే ప్రాణం మీదికొస్తుంది. మనిషి తిండి తినలేక చిక్కిపోతాడు.

దీనికి మనకున్న చవకైన, తేలికైన మందు ఫ్లూకోనజోల్ బిళ్ల. 1990లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. అప్పటికి హెచ్‌ఐవీకి సరైన చికిత్స లేదు, కౌంట్ పెరిగే దారి లేదు. పూత తగ్గేది, మళ్లీ వచ్చేది, మళ్లీ అదే బిళ్ల. కొన్నేళ్లకే బిళ్లకు లొంగని పూతలు మొదలయ్యాయి. థియోడోర్ వైట్ అనే శాస్త్రవేత్త 1997లో ప్రచురించిన పని చూడండి. ఒకే ఎయిడ్స్ రోగి నోటి నుంచి రెండేళ్లలో తీసిన 17 నమూనాలను వరసగా పరీక్షించారు. మొదటి నుంచి చివరి దాకా ఉన్నది ఒకే క్యాండిడా. బయటి నుంచి కొత్తది వచ్చి చేరలేదు. ఉన్నదే మెట్టుమెట్టుగా మొండిదైంది. మందు పట్టుకోవాల్సిన ఎంజైమ్ తయారుచేసే ఈఆర్‌జీ11 జన్యువు మారింది. పడవలో చేరిన నీళ్లను తోడి పారబోసినట్టు, లోపలికి వచ్చిన మందును బయటికి తోసేసే పంపులు కూడా ఆ కణంలో ఎక్కువయ్యాయి.

1996 నుంచి హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మూడు మందుల చికిత్స, ఏఆర్టీ, వచ్చాక ఈ గొడవ బాగా తగ్గింది. మన దగ్గర 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. మరి ఇంకా ఎందుకీ గోల అంటారా? మందులు మధ్యలో మానేసినవాళ్లు, ఒంట్లో సత్తువంతా పోయాక తొలిసారి టెస్టు చేయించుకునేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలామంది ముందు వెళ్లేది ఏఆర్టీ సెంటర్‌కి కాదు. ఎవరైనా చూస్తారన్న భయంతో పక్క ఊరి మెడికల్ షాపుకి వెళతారు. అక్కడ చీటీ లేకుండా 150 మిల్లీగ్రాముల ఫ్లూకోనజోల్ బిళ్ల చేతిలో పెడతారు. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు కదా అని అడిగితే మనల్ని వింతగా చూస్తారు. తామరకీ అదే, తెల్లబట్టకీ అదే, నోటి పూతకీ అదే. ఆడవాళ్ల యోని ఇన్ఫెక్షన్‌కు 150 ఒక్క డోసు సరిపోవచ్చు. నోటి పూతకు రోజూ 100 నుంచి 200 మిల్లీగ్రాముల చొప్పున 7 నుంచి 14 రోజులు వాడాలి. ఒక్క బిళ్లతో మంట కాస్త తగ్గగానే ఆపేస్తే, ఈస్ట్ మందు రుచి చూసి బతికి బయటపడుతుంది.

మా బెంచి మీద ఏం జరుగుతుందో చెబుతాను. స్వాబ్‌ను, క్యాండిడా రకాన్ని బట్టి రంగు చూపే మీడియా (ఫంగస్‌ను పెంచే పోషక పదార్థం) ఉన్న ప్లేటు మీద గీసి రెండు రోజులు ఆగితే ఆల్బికాన్స్ అనే రకం ఆకుపచ్చగా వస్తుంది, క్రుసై అనే రకం గులాబీ రంగులో గరుగ్గా పరుచుకుంటుంది. ఒక్కోసారి ఒకే నోటి నుంచి రెండూ వస్తాయి. క్రుసైకి పుట్టుకతోనే ఫ్లూకోనజోల్ పనిచేయదు. అంటే ఆ నోటికి బిళ్ల మీద బిళ్ల ఇస్తే ఆకుపచ్చది చస్తుంది, గులాబీది ఇల్లంతా తనదే అన్నట్టు పెరుగుతుంది. ఇది తెలుసుకోవడానికి స్వాబ్, ప్లేటు, రెండు రోజుల ఓపిక చాలు. ఆ మీడియా లేని చిన్న ల్యాబులో కూడా జెర్మ్ ట్యూబ్ టెస్టు చేయొచ్చు. ప్లేటు మీద పెరిగిన ఈస్ట్ ముద్దను (కాలనీ) కాస్త సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచి మైక్రోస్కోప్ కింద చూడాలి. ఆల్బికాన్స్ అయితే కణం నుంచి సన్నటి మొలక వస్తుంది. (డబ్లినియెన్సిస్ అనే ఇంకో క్యాండిడా రకానికి కూడా వస్తుంది. 1995లో డబ్లిన్ వాళ్లు హెచ్‌ఐవీ రోగుల నోళ్లలోనే దాన్ని గుర్తించారు. అది వేరే తలనొప్పి.) మూత్రంలో ఇన్ఫెక్షన్ అంటే వెంటనే కల్చర్ సెన్సిటివిటీ (క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రాసే చేతులు నోటి ఫంగస్ దగ్గర ఎందుకు ఆగిపోతాయో నాకు అర్థం కాదు.

మొదటిసారి పూత వచ్చినప్పుడే అందరికీ కల్చర్ చేయమని నేను అనడం లేదు. చూసి గుర్తుపట్టి మందు ఇవ్వడం సరైన పనే. ల్యాబు రిపోర్టే వేదం అని కూడా అనను. ల్యాబులో రెసిస్టెంట్ (మందుకు లొంగనిది) అని తేలినా దాదాపు 60 శాతం మందికి అదే మందుతో తగ్గుతుందని ఈ రంగంలో పాత లెక్కే ఒకటుంది. సెన్సిటివ్ (లొంగేది) అయితే 90 శాతం. నా గొడవంతా రెండో కోర్సు గురించి. అది రాసే ముందు స్వాబ్ తీయండి, రోగిని నాలుగు మాటలు అడగండి. బిళ్లలు రోజూ వేసుకున్నాడా? టీబీ మందులు వాడుతున్నాడా? రిఫాంపిసిన్ ఒంట్లో ఫ్లూకోనజోల్ మోతాదును తగ్గించేస్తుంది, ఈస్ట్ మొండిదైందని మనం అనుకుంటాం. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడుగుతున్నాడా?

అన్నిటికంటే ముందు, ఏఆర్టీ వాడుతున్నాడా, వైరల్ లోడ్ (రక్తంలో ఉన్న వైరస్ లెక్క) ఎంత? 2005లో వచ్చిన ఒక అమెరికా ట్రయల్‌లో ఏఆర్టీ అందుబాటులో ఉన్న రోగులకు ఫ్లూకోనజోల్‌ను కొందరికి ఆపకుండా, కొందరికి పూత వచ్చినప్పుడే ఇచ్చి చూశారు. లొంగని పూత రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగానే వచ్చింది, అంటే ఏఆర్టీ అందుబాటులో ఉన్నప్పుడు బిళ్ల ఎలా ఇచ్చారన్నది పెద్ద తేడా చూపలేదు. కౌంట్ నిలబడితే బిళ్ల భారం తగ్గుతుంది. కౌంట్ పడిపోతుంటే ఎన్ని స్ట్రిప్‌లు ఇచ్చినా పూత తిరిగొస్తుంది. ఏఆర్టీ సెంటర్లో సీడీ ఫోర్, వైరల్ లోడ్ రెండూ ఉచితమే. రెండోసారి పూతతో వచ్చిన మనిషికి షాపు కౌంటర్ మీద ఆ సెంటర్ పేరు చెప్పకుండా బిళ్లలు మాత్రమే చుట్టి ఇవ్వడాన్ని నేను వైద్యం అనలేను.