మహారాజశ్రీ రీలోడింగ్ డై గారికి

పేలిన తూటాల ఇత్తడి తొడుగును మెడ నుంచి అడుగు దాకా నొక్కి మళ్లీ వాడుకునే కొలతకు తెచ్చే అచ్చు, మహారాజశ్రీ ఫుల్ లెంగ్త్ డై గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది.

తమరి పెట్టె మీద 308 విన్‌చెస్టర్ రైఫిల్ డై సెట్ అని పెద్ద అక్షరాలతో ఉంది; 308 విన్‌చెస్టర్ అంటే నా రైఫిల్ తూటా రకం. ఆ మాట నమ్మి మధ్యాహ్నమంతా తమరిని బిగించే ప్రెస్ యంత్రం పిడి లాగుతూ కూర్చున్నాను. తమరి కాగితంలో చెప్పినట్టే బిగించాను, తొడుగులకు లూబ్ అనే జారుడు పూత పట్టించాను. కొలత సరిచూసే గేజ్‌లో వేస్తే ప్రతి తొడుగూ బుద్ధిగా దిగింది. తీరా మందూ గుండూ నింపి నా సెమీ ఆటోమేటిక్ రైఫిల్లోకి తూటా ఎక్కిస్తే, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ వెంట్రుకవాసిలో ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. లోపల ఉన్నది పేలడానికి సిద్ధంగా ఉన్న తూటా.

గేజ్‌ను ఏమీ అనను. అది తొడుగు భుజం, అంటే మెడ కింది వాలు, ఎక్కడ ఉందో చూస్తుంది. అడుగు భాగం ఎంత ఉబ్బిందో చాలా గేజ్‌లు పట్టించుకోవు. ఆ ఉబ్బు సంగతి చూడవలసింది తమరు. వదులు ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, పేలి వచ్చిన ఇత్తడి అడుగు దగ్గర లావెక్కుతుందని తమకు తెలియదా? మెడ నొక్కారు, భుజం దించారు, అడుగు దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడ్డారు.

బోల్ట్‌ను చేత్తో మూసే బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల వారికి ఈ బాధ అర్థం కాదు. బిగుసుకున్న తలుపును భుజంతో నెట్టినట్టు వాళ్లు పిడి మీద చెయ్యి వేసి నొక్కుతారు, మూసుకుంటుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఆ చెయ్యి లేదు. స్ప్రింగ్ ఎంత తోస్తే అంతే. అందుకే దానికి తొడుగు కాస్త సన్నగా, భుజం కాస్త కిందికి ఉండాలి. ఇదేమీ నిన్నటి వింత కాదు మహాప్రభో! అమెరికా సైన్యం ఎం1 గరాండ్ అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను స్వీకరించింది 1936లో. ఇన్నేళ్లలో పెట్టె మీద ఒక్క వాక్యం రాయడానికి తీరిక దొరకలేదా?

ఈ జబ్బుకు మందు మాత్రం తమరి ఇంట్లోనే ఉందట. దాని పేరు స్మాల్ బేస్ డై. తమకంటే అంగుళంలో వెయ్యో వంతో, రెండు వెయ్యో వంతులో ఎక్కువ నొక్కుతుంది. ఆ వెయ్యో వంతుకు వేరే పెట్టె, వేరే ధర. పోనీ, అందరికీ అది అవసరమా అంటే అదీ కాదు. చాలా సెమీ ఆటోమేటిక్‌లకు తమరే చాలునట. అయితే ఎవరికి తమరు, ఎవరికి ఆయన? తమరు అడుగు దగ్గర ఎంత కొలతకు నొక్కుతారో పెట్టె మీద అచ్చు వేస్తే ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటారు కదా. ప్రెస్‌లో బిగించే మరచుట్ల విషయంలో తమ వంశమంతా ఎంత ఐకమత్యం! ఎవరు చేసిన డై అయినా దాదాపు ఒకటే: అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల లావు, అంగుళానికి 14 చుట్లు. ప్రెస్‌కు పట్టడంలో ఉన్న శ్రద్ధ రైఫిల్‌కు పట్టడంలో లేకపోయింది.

తమరి తమ్ముడు నెక్ డై గారు మెడ ఒక్కటే సవరించి, గురి అద్భుతమని ప్రచారం చేసుకుంటారు. సెమీ ఆటోమేటిక్ గడప తొక్కవద్దని ఆయనకూ ఎవరైనా చెప్పండి. తొడుగు మూతిని గుండు చుట్టూ బిగించే క్రింప్ డై కావాలా వద్దా అన్నది ఇద్దరు నిపుణుల్ని అడిగితే మూడు జవాబులు. మెడను లోపలి నుంచి సరైన కొలతకు తెరిచే ఎక్స్‌పాండర్ బటన్ మెడలోంచి వెనక్కి వచ్చేటప్పుడు పెట్టే కీచుమనే ఏడుపు గురించి ఇక్కడ రాయను. పక్కింటివాళ్లకు కూడా తెలుసు.

కానీ ఆ ఇరుక్కున్న తూటా సంగతి వదలను. పూర్తిగా మూసుకోని బోల్ట్ వెనక, ఛాంబర్‌లో సిద్ధంగా ఉన్న తూటాతో, గొట్టం ఖాళీ నేల వైపు తిప్పి చెమటలు కక్కింది నేను. తమరు కాదు. అట్టపెట్టె మీద ఒక గీత సిరా మిగుల్చుకోవడానికి నన్ను అక్కడ నిలబెట్టారు. ఇది లోభమా, బద్ధకమా? రెండూ అయితే సిగ్గు లేదా?

స్మాల్ బేస్ గారికి కబురు పంపాను. తమరిని పారెయ్యను, భయపడకండి. పాత ప్రైమర్లు, అదే తొడుగు అడుగున మందు అంటించే బిళ్లలు, ఊడగొట్టడంలో తమరిది మంచి చెయ్యి. రేపటి నుంచి అదే ఉద్యోగం.

ఇట్లు,
తమరి పెట్టె చదివి నమ్మినవాడు