బద్వేలు రోడ్డు లెక్కలో గొర్రెల దారి ఎక్కడ?

కడప–కర్నూలు రోడ్డు మీద మైదుకూరు దాటాక పొద్దు వాలే వేళ ఓ పావుగంట ఆగి చూడండి. చేల నుంచి మళ్ళిన గొర్రెల మంద రోడ్డు అంచున నిలబడి ఉంటుంది. కాపరి ఒక పిల్లను చంకన పెట్టుకుని, కర్ర అడ్డం పట్టి, లారీల మధ్య సందు కోసం చూస్తుంటాడు. సందు దొరికితే మందంతా ఒక్క ఊపున డివైడర్ దాకా ఉరుకుతుంది. అక్కడ మళ్ళీ ఆగాలి. కింద నుంచి దాటే చోటికి నడిచి వెళ్దామంటే ఊరు చేరేసరికి చీకటి పడుతుంది. రోజూ రెండు పూటలా ఇదే టెన్షన్.

ఇప్పుడు మన కడప జిల్లాకు ఇంకో పెద్ద రోడ్డు వస్తోంది. బద్వేలు దగ్గర గోపవరం నుంచి నెల్లూరు జిల్లా గురువిందపూడి దాకా 108 కిలోమీటర్ల నాలుగు లైన్ల రహదారికి 2025 మే 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు 3,653 కోట్ల రూపాయలు. కృష్ణపట్నం రేవుకు దూరం 142 కిలోమీటర్ల నుంచి 108కి తగ్గుతుంది. ఒక్కో లారీకి 34 కిలోమీటర్ల డీజిల్ మిగలడం చిన్న మాట కాదు. కొప్పర్తి పారిశ్రామికవాడ నిండాలన్నా ఇలాంటి దారి ఉండాలి. కాబట్టి ఈ రోడ్డు రావాల్సిందే. నా దిగులల్లా దానికి డబ్బు వచ్చే పద్ధతి గురించే.

ఇది డీబీఎఫ్‌ఓటీ రోడ్డు. డిజైన్, పెట్టుబడి, నిర్మాణం, నిర్వహణ అన్నీ ప్రైవేటు సంస్థే చూసుకుని, గడువు తీరేదాకా టోల్ వసూలు చేసుకుంటుంది. కొడికొండ చెక్‌పోస్టు నుంచి మన జిల్లా మీదుగా వెళ్ళే బెంగళూరు–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వేది హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి. ఇందులో 40 శాతం నిర్మాణ సమయంలోనే ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 60 శాతం సంస్థ అప్పో సప్పో చేసి తెస్తే, దాన్ని 15 ఏళ్ళ పాటు వాయిదాల్లో తీరుస్తుంది. ఇక రాష్ట్ర రోడ్ల కోసం 2021లో బ్రిక్స్ దేశాల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకుతో 64.6 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పందాలు కుదిరాయి. ఇలాంటి బ్యాంకు అప్పుతో పాటు పర్యావరణ, సామాజిక షరతులు కూడా వస్తాయి. కాగితం మీదైనా సరే, ఊరివాళ్ళు ఫిర్యాదు చేసుకునే చోటు ఒకటి ఉంటుంది. టోల్ మీద బతికే సంస్థ చూపంతా నిలువునా పోయే బండి మీదే ఉంటుంది. అడ్డంగా దాటే గొర్రె దానికి రాబడి కాదు, ఖర్చు.

చట్టం ఆ లోటు పూడుస్తుందా అంటే అదీ లేదు. జాతీయ రహదారులకు భూమిని 1956 నాటి చట్టం కింద తీసుకుంటారు. 2015 నుంచి పరిహారాన్ని 2013 భూసేకరణ చట్టం లెక్కన ఇస్తున్నారు. ఇది మంచిదే. కానీ అదే చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా వీటికి వర్తించదు. ఎవరి బతుకు ఎలా దెబ్బతింటుందో ముందుగా ఊళ్ళో కూర్చుని లెక్కపెట్టే పనే ఎగిరిపోయింది. మూడేళ్ళుగా అదే భూమిని నమ్ముకున్న కౌలు రైతును 2013 చట్టం బాధిత కుటుంబంగానే గుర్తిస్తుంది. కానీ మన దగ్గర కౌలంతా నోటిమాటే. 2019 చట్టం ప్రకారం, పట్టాదారు సంతకం లేనిదే కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డు కూడా రాదు. చెక్కు పట్టాదారు ఇంటికి పోతుంది. బోరు కింద పసుపు పెట్టినవాడు దుంప తవ్వుకుని, వేరే పొలం వెతుక్కుంటాడు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది నీళ్ళ సంగతి. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మరవ పారితే వంక గుండా కింది చెరువుకు నీళ్ళొస్తాయి. ఆ వంకకు అడ్డంగా పది అడుగుల ఎత్తున మట్టికట్ట పోసి రెండు తూములు పెడితే, ఎండాకాలంలో ఎవరికీ తేడా తెలియదు. వానొచ్చిన నాడు పైన చేలు మునుగుతాయి, కింద చెరువు ఎండుతుంది. 2021 నవంబరు వరదకు కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెనే కూలింది. తూములు ఏపాటి? పోరుమామిళ్ళ చెరువును 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. అక్కడి శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతో పాటు చెరువుకు ఉండే ఆరు దోషాలు కూడా చెక్కించారు. డబ్బు పెట్టినవాడే దోషాలను రాతి మీద రాయించిన జిల్లా మనది.

లంకమల పాఠం కూడా దగ్గరిదే. 1986లో మళ్ళీ కనిపించిన కలివికోడి అనే అరుదైన పక్షి ఉండే పొదల్లోకి 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దూరింది. తర్వాత కాలువ దారి మార్చక తప్పలేదు. ముందే చూసుకుని ఉంటే ఆ పొదలూ మిగిలేవి, తవ్విన ఖర్చూ మిగిలేది. బద్వేలు–నెల్లూరు మధ్య వెలిగొండలున్నాయి. ఇక్కడైనా మార్కింగ్ రాళ్ళు పాతే ముందే ఆ పని జరగాలి.

నేను అడిగేవి మూడే. టోల్ ఒప్పందాల్లో ఒక వెసులుబాటు ఉంది. కొన్ని పనులు మిగిలినా వాటిని పంచ్ లిస్టులో రాసుకుని, తాత్కాలిక సర్టిఫికెట్‌తో టోల్ మొదలుపెట్టవచ్చు. అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు, వంకల తూములు ఆ జాబితాలోకి జారకూడదు. అవి పూర్తయ్యాకే టోల్ వసూలు మొదలవ్వాలని ఒప్పందంలోనే రాయాలి. కౌలు రైతుల జాబితాను గ్రామసభలో చదివి, వాళ్ళకిచ్చే పరిహారాన్ని భూసేకరణ పద్దులోనే చూపాలి. అండర్‌పాస్ ఎత్తు ఎంతుండాలో ఊరివాళ్ళను అడగాలి. వరిగడ్డి వేసిన ట్రాక్టరు ఒకదాన్ని అక్కడ నిలబెడితే కొలత తేలిపోతుంది.